పాత రంపం మిషనా, కొత్తదా? కట్టెల కోతకు ముందు కాస్త లెక్క వేసుకుందాం

అక్టోబరు నెల వచ్చిందంటే మాంట్రియల్ చుట్టుపక్కల పొలాల్లో పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకుంటుంది. బూటు వేస్తే కరకరమంటుంది. అప్పటిదాకా చెమటలు కక్కిన మనమే దుప్పట్లు వెతుక్కోవడం మొదలుపెడతాం. మా క్యాంపు సెయింట్ లారెన్స్ నదికి దక్షిణాన, మాంటెరెజీ ప్రాంతంలో కూరగాయల పొలాల మధ్య ఉంది. గదుల్లో కరెంటు హీటర్లు ఉన్నాయి. కానీ తడిసిన బూట్లు, బట్టలు ఆరబెట్టుకునే వెనక షెడ్డులో మాత్రం కట్టెల పొయ్యే దిక్కు. సాయంత్రం అందరం చేరి నాలుగు మాటలు చెప్పుకునేదీ అక్కడే.

ఆ ఏడాది పొలం గట్టున రెండు పెద్ద యాష్ చెట్లు పురుగు పట్టి చచ్చిపోయాయి. యజమాని మనుషుల్ని పెట్టి పడగొట్టించాడు. "దుంగలు మీరే కోసుకుని పొయ్యిలో పెట్టుకోండి" అన్నాడు. మేం ఆరుగురం సంబరపడ్డాం. ఊళ్లో అయితే గొడ్డలి తీసుకుని తుమ్మ మొద్దు మీద పడేవాళ్లం. ఇక్కడ దుంగ చుట్టుకొలత మనిషి కావలించుకున్నా అందనంత ఉంది. రంపం మిషన్, అదే చైన్ సా, లేకుండా కుదరదని తేలింది. అక్కడే మా మధ్య వాదం మొదలైంది. "కొత్తది కొందాం" అని ఒకరు, "నాలుగు దుంగలకు కొత్తదెందుకు బావా, పాతది చాలదా" అని ఇంకొకరు.

చివరికి పాతదే కొన్నాం. దానివల్ల ఏం నేర్చుకున్నామో మిగతా క్యాంపుల్లో ఉన్న మనవాళ్లకు చెబుదామనే ఇది రాస్తున్నాం.

సా మార్ష్, సా మార్ష్!

కిజిజిలో ప్రకటన చూసి ఫోన్ చేశాం. పేరున్న కంపెనీ మిషన్, ధర 200 డాలర్లు. వెళ్లేసరికి అమ్మేవాడు గరాజ్ ముందే నిలబడి ఉన్నాడు. తాడు ఒక్క లాగు లాగాడు, మిషన్ బుర్రుమంది. "సా మార్ష్, సా మార్ష్" అన్నాడు. ఫ్రెంచిలో ఆ మాటకు పనిచేస్తుందని అర్థం. మాకేమో చైన్ సా గురించే ఏదో అంటున్నాడనిపించింది. నవ్వుకుంటూ డబ్బులిచ్చి తెచ్చేసుకున్నాం.

మర్నాడు చల్లటి మిషన్‌ను పట్టుకుని నలభైసార్లు లాగినా ఉలకలేదు, పలకలేదు. అప్పుడు వెలిగింది మాకు. మేం వెళ్లేముందే ఆయన దాన్ని నడిపి వేడిచేసి పెట్టాడు. అరిగిన ఇంజను కూడా వేడి మీద లేచి కూర్చుంటుంది. చలిలో మాత్రం మొరాయిస్తుంది.

బాగుచేసే దుకాణానికి తీసుకెళితే లెక్క ఇలా తేలింది. కార్బొరేటర్ పని 110 డాలర్లు, కొత్త గొలుసు 35, గొలుసు తిరిగే బార్ 50. మిషన్ ఖరీదుతో కలిపి 395 డాలర్లు. "చైన్ బ్రేకు కూడా పట్టడం లేదు, దానికి ఇంకో 90 అవుతుంది" అన్నాడు మెకానిక్. అప్పటికే జేబులు ఖాళీ. "బ్రేకు తర్వాత చూద్దాంలే" అనుకున్నాం. మేం చేసిన అసలు తప్పు అదే.

రెండో శనివారం దుంగ కోస్తుండగా బార్ కొన వెనకున్న కొమ్మకు తగిలింది. మిషన్ ఒక్కసారిగా ముఖం మీదికి ఎగిరింది. మాలో అందరికంటే చిన్నవాడు పట్టుకుని ఉన్నాడు. బ్రేకు ఉండి ఉంటే గొలుసు అక్కడికక్కడే ఆగిపోయేది. ఆగలేదు. గ్లౌజు చీల్చుకుని ఎడమచేతి బొటనవేలు పక్కన తెగింది. ఎనిమిది కుట్లు. ఎముక దాకా పోలేదు, అదృష్టం. నెలరోజులు వాడు క్యాంపులో కూర్చున్నాడు. ఆ నెల ఇంటికి పైసా పంపలేకపోయాడు. ఫోన్లో వాళ్లమ్మకు మాత్రం జ్వరమని చెప్పాడు.

తర్వాత బ్రేకు కూడా చేయించాం. మొత్తం 485 డాలర్లు. మొదట్లో దుకాణంలో చూసిన కొత్త మిషన్ ధర 450. దాని మీద జీఎస్టీ 5 శాతం, క్యూఎస్టీ 9.975 శాతం కలిపితే సుమారు 517. అంటే మేం మిగిల్చుకున్నది 32 డాలర్లు. పోగొట్టుకున్నది ఒక మనిషి నెల జీతం.

అసలు మిషన్ కావాలా?

పాతదా కొత్తదా అనేకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. ఇక్కడ కట్టెలను 'కార్డ్' లెక్కన అమ్ముతారు. పూర్తి కార్డ్ అంటే 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న పేర్పు, అంటే 128 ఘనపుటడుగులు. క్విబెక్‌లో చాలామంది అమ్మేది మాత్రం పొయ్యిలో పట్టేంత, 16 అంగుళాల ముక్కల ఒకే వరుస. అది పూర్తి కార్డులో మూడో వంతే. కాబట్టి కొనేటప్పుడు 'ఒక కార్డ్' అనగానే తలూపకుండా ముక్క పొడవు ఎంతో అడగండి.

మీరు ఒక్క సీజను ఉండి వెళ్లిపోయేవారైతే, ఒకటి రెండు వరుసలు చాలనుకుంటే, ఆరుగురు చందా వేసుకుని చీల్చిన ఎండు కట్టెలు కొనుక్కోవడమే చవక. పెట్రోలు, నూనె, గొలుసు, పాదం నుంచి తల దాకా రక్షణ సామాను అన్నీ కలిపి చూడండి, మీకే తెలుస్తుంది. ఒక్క రోజు కోతే ఉంటే పనిముట్లు అద్దెకిచ్చే దుకాణాలు ఉన్నాయి. చిన్న కొమ్మలకైతే బ్యాటరీ రంపాలు వచ్చాయి. వాటికి కార్బొరేటర్ బాధ లేదు. కానీ గొలుసు గొలుసే, చేతిని కోసే విషయంలో ఏ తేడా లేదు.

రెండు మూడేళ్లు ఒకే చోట ఉండి, ఏటా కోత పని ఉండే క్యాంపు అయితేనే మిషన్ కొనడం గిట్టుబాటు.

పాతది కొనేవారు చూడాల్సినవి

మొదట మఫ్లర్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, అంటించవద్దు. వేడి తగిలితే చల్లారేదాకా ఆగుతామని చెప్పండి. చల్లటి మిషన్‌ను మీ ఎదుటే లేపమనండి.

ఇంజను ఆపి ఉన్నప్పుడు స్టార్టరు తాడు పిడి పట్టుకుని మిషన్‌ను వేలాడదీయండి. మెల్లగా మెట్లు దిగినట్టు దిగితే కంప్రెషన్ ఉన్నట్టు. జారుడుబండ మీద జారినట్టు జర్రున దిగితే పిస్టన్ అరిగినట్టే. వీలైతే మఫ్లర్ విప్పించి టార్చి వేసి చూడండి. పిస్టన్ మీద నిలువు గీతలు కనిపిస్తే ఎవరో నూనె కలపకుండా పెట్రోలు పోసి నడిపారన్నమాట. దాని జోలికి పోవద్దు.

ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు గొలుసు కదలకూడదు. కదిలితే సర్దుబాటు చెడిందో, క్లచ్ పోయిందో తెలియాలి.

చైన్ బ్రేకు: ముందు పిడి దగ్గరుండే గార్డును ముందుకు తోస్తే 'టక్' మని పడాలి. ఇంజను ఆపి, గ్లౌజు వేసుకుని గొలుసు లాగితే కదలకూడదు. తర్వాత ఇంజను నడుస్తుండగా అమ్మేవారినే బ్రేకు వేసి చూపమనండి. బ్రేకు పట్టని మిషన్ ఉచితంగా ఇచ్చినా వద్దు.

బార్ కొనను ఒక తెల్ల అట్టముక్క వైపు పెట్టి ఇంజను పెంచితే అట్ట మీద నూనె చారలా పడాలి. పడకపోతే గొలుసుకు నూనె అందడం లేదు. బార్ గాడి అంచులు రెండూ సమానంగా ఉన్నాయో, గొలుసు తిప్పే పళ్ల చక్రం గుంటలు పడిందో చూడండి. పిడి దగ్గరి రబ్బరు దిమ్మలు తెగి ఉంటే అదురు చేతుల్లోకి వస్తుంది. ఆ అదురు ఏళ్ల తరబడి తగిలితే వేళ్లు తెల్లబడి మొద్దుబారే జబ్బు వస్తుంది, చలిలో మరీను.

సీరియల్ నంబరు గీకేసి ఉంటే దొంగ సొత్తు కావచ్చు. వెనక్కి తిరిగి వచ్చేయండి.

కాగితం ఉంటే బలం

దుకాణదారుడి దగ్గర కొంటే, అది పాత సామానైనా, క్విబెక్ వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం చట్టపరమైన వారంటీ ఉంటుంది. ధరకు, వాడకానికి తగ్గట్టు సరిపడా కాలం పనిచేయాలి. వ్యక్తి దగ్గర గరాజులో కొంటే ఆ చట్టం వర్తించదు. దాగిన లోపం ఉందని సివిల్ కోడ్ కింద అడగవచ్చు గానీ 200 డాలర్ల కోసం కోర్టు మెట్లెక్కే తీరిక మనలో ఎవరికుంది? అందుకే పాతది కావాలనుకుంటే మిషన్లు బాగుచేసే దుకాణాల్లో, మరమ్మతు చేసి రసీదుతో అమ్మేది చూడండి. నాలుగు డాలర్లు ఎక్కువైనా అదే మేలు.

కొత్తది కొన్నా చేతులు దులుపుకోలేం. ఇప్పుడొస్తున్న చాలా మిషన్లకు 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు టూ-స్ట్రోక్ నూనె కలపాలి. అంటే 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. ఎథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో ఉంటే కార్బొరేటర్ జిగురు పడుతుంది. సీజను అయ్యాక ఖాళీ చేసి పెట్టండి.

ఎవరి కోసం కోస్తున్నారు?

యజమాని పని మీద రంపం పట్టమంటే అది ఉద్యోగంలో భాగం. రక్షణ సామాను మీకు ఖర్చు లేకుండా ఇవ్వాల్సింది ఆయనే, నేర్పించాల్సిందీ ఆయనే. ప్రమాదం ఉందని సహేతుకంగా అనిపిస్తే పని నిరాకరించే హక్కు క్విబెక్ చట్టంలో ఉంది. గాయమైతే సీఎన్ఈఎస్ఎస్‌టీ దగ్గర దరఖాస్తు చేసుకోవచ్చు. మా తమ్ముడికి తగిలింది సొంత పొయ్యి కట్టెల కోతలో. అది పని ప్రమాదం కిందికి వస్తుందా రాదా అన్న పేచీ దగ్గరే ఆగిపోయాం.

ఇంకో మాట. "రంపం ఉంది కదా, ఆదివారాలు కట్టెలు కోసి అమ్ముకుందాం" అనే ఆలోచన చాలామందికి వస్తుంది. మన పర్మిట్ మీద ఒక్క యజమాని పేరే ఉంటే బయట సంపాదన పర్మిట్ ఉల్లంఘన అవుతుంది. నాలుగు వందల డాలర్ల కోసం వచ్చిన దారి మూసుకోవద్దు.

చెట్టు గురించీ తెలుసుకోండి. యాష్ చెట్లను చంపుతున్న పచ్చ పురుగు మాంట్రియల్‌లో 2011లో కనిపించింది. అది కట్టెలతో పాటే ఊళ్లు దాటుతుంది. అందుకే ఆ కట్టెను నియంత్రిత ప్రాంతం దాటించకూడదు, దొరికినచోటే కాల్చుకోవాలి. ఎండిన యాష్ పెళుసు. నిలబడి ఉన్నదాన్ని పడగొట్టే పని మనది కాదు, తెలిసినవాళ్లకే వదిలేయండి. ప్రభుత్వ అడవిలో కట్టెలకు అనుమతి పత్రం కావాలి. మాంట్రియల్ నగరంలో ఉండే మిత్రులకు వేరే నిబంధన ఉంది. 2018 అక్టోబరు 1 నుంచి గంటకు 2.5 గ్రాముల లోపు సూక్ష్మ ధూళి వదిలే ధృవీకరణ ఉన్న పొయ్యిలే వాడాలి. పొగమంచు హెచ్చరిక ఉన్నప్పుడు అవీ కూడదు. కరెంటు మూడు గంటలకు మించి పోతే మాత్రం మినహాయింపు.

ఆ మినహాయింపు ఊరికే రాలేదు. 1998 జనవరిలో మంచువాన కురిసి లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు పోయింది. 2023 ఏప్రిల్ 5న మళ్లీ అలాగే కురిస్తే క్విబెక్‌లో పది లక్షలకు పైగా కనెక్షన్లు ఆగిపోయాయి. అలాంటి రాత్రి కట్టెల పొయ్యి విలువ తెలుస్తుంది. కానీ బార్బెక్యూ బొగ్గుల పొయ్యిని మాత్రం గదిలోకి తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చివరగా, పాత మిషన్‌ను ఊరికి తీసుకుపోదామనుకునేవారికి: పెట్రోలు పోసి వాడిన ఇంజనును విమానం వాళ్లు సాధారణంగా ఎక్కించుకోరు. టికెట్ తీసుకునే ముందే అడిగి తెలుసుకోండి.

మా రంపం ఇప్పుడు బ్రేకుతో సహా బాగానే నడుస్తోంది. కోసేవాడు హెల్మెట్, ముఖానికి జాలి, చెవులకు మఫ్‌లు, గొలుసును ఆపే పీచున్న ప్యాంటు, ఉక్కు ముక్కు బూట్లు వేసుకుంటేనే తాడు లాగనిస్తాం. ఒంటరిగా ఎవరినీ కోయనివ్వం. పక్కన ఒకరు 911 నొక్కడానికి ఫోను పట్టుకుని, పది అడుగుల దూరంలో నిలబడతారు. భుజం ఎత్తు దాటి, నిచ్చెన మీద, ఒంటి చేత్తో కోయడం నిషేధం.

ఆ తమ్ముడి చెయ్యి మానింది. చలి ఎక్కువైన రాత్రుల్లో బొటనవేలు ఇంకా సలుపుతుందంటాడు. పొయ్యి ముందు చెయ్యి చాపి కూర్చున్నప్పుడు మాలో ఎవరమూ ఆ 32 డాలర్ల మాట ఎత్తం.