మీకు తెలుసా? ఒంట్లో పొయ్యి, చేతిలో రసం

• మామిడిపండు వేడి చేస్తుందని నూజివీడు వైపు చిన్న రసాలను కాసేపు బకెట్ నీళ్లలో వేసి ఉంచుతారు. ఆ తర్వాతే మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి జుర్రుకుంటారు. నిజంగా వేడి పుట్టించే పొయ్యి మాత్రం మన ఒంట్లోనే ఉంది. దాని పేరు బ్రౌన్ ఫ్యాట్.

• మామూలు కొవ్వు దాచిపెడుతుంది, ఈ గోధుమరంగు కొవ్వు తగలేస్తుంది. మెడ దగ్గర, కాలర్ బోన్ పైన, వెన్నెముక వెంట కొద్దికొద్దిగా ఉంటుంది. ఇనుమున్న మైటోకాండ్రియా కిక్కిరిసి ఉండడం వల్లే దానికా రంగు. పసిపిల్లలతోనే దాని పని అయిపోతుందనుకునేవారు. పెద్దల్లోనూ పనిచేస్తోందని 2009లో మూడు పరిశోధక బృందాలు ఒకేసారి తేల్చాయి.

• కణాలు శక్తి కోసం వాడుకునే ఏటీపీని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. బ్రౌన్ ఫ్యాట్ ఆ ఏటీపీ తయారీని పక్కనపెట్టి, ఇంధనాన్ని నేరుగా వేడిగా మార్చేస్తుంది. 1940ల్లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిన బృందమూ సుబ్బారావుగారిదే. గర్భిణులు వేసుకునే ఆ మాత్రను సప్లిమెంటంటే ఒప్పుకోవచ్చు: ఏ లోపానికో తెలుసు, ఎంత వేసుకోవాలో తెలుసు.

• "కొవ్వు కరిగించే" క్యాప్సూళ్ల సంగతి వేరు. 2012లో వెలువడిన ఒక జపాన్ పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న 18 మంది కుర్రాళ్లకు కారంలేని మిరప నుంచి తీసిన క్యాప్సినాయిడ్లు 9 మిల్లీగ్రాములు ఇచ్చారు. బ్రౌన్ ఫ్యాట్ చురుగ్గా ఉన్నవారిలో గంటకు సుమారు మూడున్నర కేలరీలు అదనంగా ఖర్చయ్యాయి. మిగతావారిలో తేడా నామమాత్రమే. 100 గ్రాముల మామిడి గుజ్జులో దాదాపు 60 కేలరీలుంటాయి. ఆ వేగంతో అవి కరగాలంటే 16 గంటలు పైనే పడుతుంది. అయినా ఒక్క రసంతో ఆపేవాళ్లెవరు!

• గుంటూరు మిరపలోని క్యాప్సైసిన్ ఈ క్యాప్సినాయిడ్లకు దగ్గరి చుట్టమే. అలాగని ఆవకాయ ముద్దకు చెమట పట్టిందంటే కొవ్వు కరిగినట్టు కాదు.

• బ్రౌన్ ఫ్యాట్‌ను గట్టిగా నిద్రలేపేది చలి. జపాన్‌లోనే మరో ప్రయోగంలో రోజూ 2 గంటలు 17 డిగ్రీల గదిలో కూర్చోబెడితే, 6 వారాలకు దాని చురుకు పెరిగింది. రసాల కాలంలో నూజివీడు ఎండ 40 దాటుతుంది మరి.

• 2014లో వెలువడిన ఒక నెదర్లాండ్స్ పరిశోధనలో పోల్చి చూస్తే, దక్షిణాసియా మూలాలున్న యువకుల్లో బ్రౌన్ ఫ్యాట్ తెల్లవారికన్నా 34 శాతం తక్కువగా కనిపించింది. చూసింది మాత్రం రెండు వైపులా కలిపి 24 మందినే.

• బ్రౌన్ ఫ్యాట్ చేసే పనినే ఒళ్లంతా చేయించే రసాయనం డీఎన్‌పీ. 1930ల్లో అమెరికాలో సన్నబడే మందుగా అమ్మారు. కళ్లకు శుక్లాలు వచ్చి, కొందరు చనిపోయాక 1938లో ఆపేశారు. ఆన్‌లైన్‌లో ఇప్పటికీ దొంగచాటుగా దొరుకుతుంది. దానికి విరుగుడు లేదు.