శుక్లం తీసిన కన్ను ఎలా కోలుకుంటుంది?

పిల్లలూ! ముందుగా నా తప్పొకటి మీకు చెప్పాలి.

ఒకనాడు తొమ్మిదో తరగతిలో ఒక ప్రయోగం చేసి చూపిస్తున్నాను. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు ద్రావణంలో ఇనుప మేకు వేస్తే, నీలిరంగు ద్రావణం మెల్లగా లేత ఆకుపచ్చగా మారుతుంది కదా! మేకు వేసిన కాసేపటికే, "చూశారా, ఆకుపచ్చగా మారింది" అన్నాను. ముందు బెంచీలోని కుర్రవాడు లేచి, "మాస్టారూ, ఇంకా నీలంగానే ఉందండీ" అన్నాడు. "సరిగ్గా చూడు" అని కసిరి కూర్చోబెట్టాను.

కొన్ని నెలల తరువాత కంటి డాక్టరుగారు పరీక్షచేసి, నా రెండు కళ్ళలోనూ శుక్లాలు ఉన్నాయనీ, కుడికంటిలోది బాగా ముదిరిందనీ చెప్పారు. వేసవి సెలవుల్లో కుడికంటికి ఆపరేషను జరిగింది. బడి తెరవగానే నేను చేసిన మొదటి పని ఆ మైలుతుత్తం ద్రావణాన్ని మళ్ళీ చూడటం. ఎడమకన్ను మూసి చూస్తే నెమలి కంఠంలాంటి నీలం! కుడికన్ను మూసి చూస్తే అదే ద్రావణం పాచిపట్టిన చెరువు నీళ్ళలా ఉంది. కుర్రవాడిదే ఒప్పు, మాస్టారిదే తప్పు. పదో తరగతికి వచ్చిన ఆ కుర్రవాడికి ఆ మాట అందరి ముందూ చెప్పాను.

శుక్లం అంటే ఏమిటి?

కంటిపాప వెనుక ఒక కటకం ఉంటుంది. దాని వెడల్పు సుమారు 1 సెంటీమీటరు, మందం సుమారు 4 మిల్లీమీటర్లు. అందులో రక్తనాళాలు లేవు. ప్రోటీన్లు చక్కగా అమరి ఉండటంవల్ల అది గాజులా పారదర్శకంగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ ప్రోటీన్లు ముద్దకట్టి, కటకం పసుపురంగుకు తిరిగి మసకబారుతుంది. దీనినే శుక్లం అంటాము.

పచ్చి కోడిగుడ్డులోని తెల్లసొన పారదర్శకంగా ఉంటుంది. ఉడికిస్తే తెల్లబడుతుంది. దాన్ని మళ్ళీ పచ్చిసొనగా మార్చగలమా? శుక్లమూ అంతే. చుక్కల మందులతో కరగదు. తీసివేయవలసిందే.

మరి నీలం ఆకుపచ్చగా ఎందుకు కనిపించింది? పసుపు కటకం నీలికాంతిని చాలావరకు అడ్డగిస్తుంది. పారదర్శకమైన పసుపు కాగితాన్ని కంటికి అడ్డు పెట్టుకుని నీలిరంగు గుడ్డను చూడండి. నేను ఎలా పొరబడ్డానో మీకే తెలుస్తుంది.

ఒక విద్యార్థి వేసిన ప్రశ్న

నేను మీ వయసులో ఉండగా మా నాయనమ్మకు శుక్లం తీశారు. అప్పట్లో కంటిని వెడల్పుగా కోసి, కటకాన్ని బయటికి తీసి, కుట్లు వేసేవారు. కదలకుండా రోజుల తరబడి పడుకోవలసి వచ్చేది. తీసిన కటకానికి బదులు భూతద్దాల్లాంటి కళ్ళజోడు ఇచ్చేవారు. వాటిలో వస్తువులు పావువంతు పెద్దవిగా, దగ్గరగా కనిపించేవి. నాయనమ్మ మజ్జిగ గ్లాసుకోసం చెయ్యి చాపితే అది గ్లాసుదాకా చేరేది కాదు!

దీనికి విరుగుడు అంతకు చాలాముందే మొదలైంది. శుక్లం ఆపరేషను చూస్తున్న ఒక వైద్య విద్యార్థి, "తీసిన కటకం స్థానంలో ఇంకొకటి పెట్టరా?" అని లండనులోని హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరును అడిగాడని చెబుతారు. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాల పైకప్పులు పగిలి, ఆ ప్లాస్టిక్కు ముక్కలు కొందరు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నాయి. అయినా కన్ను వాటిని సహించడం రిడ్లీ గమనించాడు. అటువంటి ప్లాస్టిక్కుతోనే కటకం చేయించి, 1949 నవంబరు 29న తొలిసారిగా మనిషి కంటిలో అమర్చాడు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అనే డాక్టరు, దంతవైద్యులు పళ్ళు శుభ్రంచేసే అతిధ్వని పరికరాన్ని చూసి, అతిధ్వనులతో శుక్లాన్ని పొడిచేసి పీల్చివేసే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు ఈ పద్ధతిలో 3 మిల్లీమీటర్లకు మించని గాటు చాలు. కటకం తాలూకు పలుచని సంచిని లోపలే ఉంచి, మడతపెట్టిన కొత్త కటకాన్ని అందులోకి పంపుతారు. అది లోపల విచ్చుకుంటుంది.

అసలు పని ఆ తరువాతే

ఆపరేషను అరగంటలోపే ముగుస్తుంది. కన్ను కోలుకోవడానికి మాత్రం నాలుగైదు వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ గడిచేది ఇంట్లోనే. అందుకే ఇది మీరు తెలుసుకోవలసిన సంగతి.

కట్టు విప్పగానే అంతా స్పష్టంగా కనిపిస్తుందనుకున్నాను. కాని మంచు కురిసినట్లు మసకగా కనిపించింది. నాకు దిగులు వేసింది. కారణం డాక్టరుగారు చెప్పారు. కంటి ముందుండే పారదర్శకమైన పొర పేరు కార్నియా. దాని లోపలివైపు ఉన్న కణాలు, పొరలోకి చేరే నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడుతూ ఉంటాయి. ఆపరేషను తాకిడికి అవి కొంచెం అలసిపోతాయి. పొరలో నీరు చేరి మసక కలుగుతుంది. కణాలు తేరుకుని నీటిని తోడివేస్తే చూపు తేటపడుతుంది. నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ తరువాత కొన్నాళ్ళు గోడల సున్నం కూడా నీలిమందు పెట్టినట్లు కనిపించింది. మెదడు కొత్త కాంతికి అలవాటుపడ్డాక అదీ మామూలైపోయింది.

మరి కుట్లు లేకుండా గాటు ఎలా మూసుకుంటుంది? ఫుట్‌బాలులోని గాలి తన ఒత్తిడితోనే కవాటాన్ని మూసి ఉంచుతుంది. అలాగే కంటిలోని ద్రవం ఒత్తిడి, ఏటవాలుగా చేసిన ఆ గాటును లోపలినుంచి అదిమి ఉంచుతుంది. ఈలోగా కన్ను నలిపితే ఏమవుతుంది? గాటు విచ్చుకుని, సూక్ష్మజీవులు లోపలికి పోవచ్చు. కంటి లోపల చీము పడితే చూపే పోవచ్చు. రాత్రి నిద్రలో కూడా చెయ్యి తగలకుండా కంటిమీద డొప్ప పెట్టేది ఇందుకే. తలమీద నీళ్ళు పోసుకోవద్దనీ, బరువులెత్తవద్దనీ, పొయ్యి పొగకూ దుమ్ముకూ దూరంగా ఉండమనీ చెప్పేదీ ఇందుకే. తేనె, చనుబాలు, ఆకుపసరు వంటివి కంటిలో ఎన్నడూ వేయకూడదు.

చుక్కలమందు వేసేవారు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కింది రెప్పను మెల్లగా కిందికి లాగి, లోపల ఒక్క చుక్క వేయాలి. సీసా మొన కంటికీ రెప్పకూ తగలకూడదు. రెండు మందులుంటే మధ్య ఐదు నిమిషాలు ఆగాలి. "బాగానే కనిపిస్తోందిగా" అని మందు మధ్యలో మానకూడదు. సూక్ష్మజీవులను అరికట్టేది ఒక మందు, వాపును తగ్గించేది మరొకటి. వాటిని డాక్టరు చెప్పిన క్రమంలోనే తగ్గించాలి.

మూడు ప్రమాద సూచనలు గుర్తుంచుకోండి: నొప్పి పెరగడం, ఎరుపు ఎక్కువకావడం, వచ్చిన చూపు తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇంకా కళ్ళజోడు ఎందుకు?

సహజమైన కటకం వక్రత మార్చుకుని దూరంవీ దగ్గరవీ చూపగలదు. వయసుతో ఆ శక్తి తగ్గుతుంది. సాధారణంగా అమర్చే కృత్రిమ కటకానికి ఒకే నాభ్యంతరం ఉంటుంది. అందుకే నల్లబల్ల నాకు అద్దాలు లేకుండానే కనిపిస్తుంది కాని, మీ జవాబు పత్రాలు దిద్దాలంటే అద్దాలు కావాలి. గాటు పూర్తిగా మాని కార్నియా ఆకారం కుదుటపడ్డాకనే, అంటే సుమారు నెల తరువాత, ఆ అద్దాలు ఇస్తారు. కొందరికి నెలలకో ఏళ్ళకో లోపలి సంచి మసకబారి చూపు మళ్ళీ తగ్గుతుంది. అది శుక్లం తిరిగి రావడం కాదు. లేసరు కిరణాలతో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు.

మీ ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో ఈ ఆపరేషను జరిగితే చుక్కల మందు బాధ్యత మీరు తీసుకోండి. ఒక కాగితంమీద వేళలు రాసి గోడకు అంటించి, వేసిన ప్రతిసారీ గుర్తు పెట్టండి. ఇరవై, ముప్ఫై రోజులు శ్రద్ధగా చేస్తే వారి చూపు నిలబెట్టడంలో డాక్టరుతోపాటు మీకూ భాగం ఉంటుంది.

ఇంకొక్క మాట. కన్ను కూడా ఒక పరికరమే. అది పాడైతే మాస్టారి పరిశీలన కూడా తప్పవుతుంది. కనుక ఎప్పుడైనా మీ మాస్టారు నీలాన్ని ఆకుపచ్చ అంటే భయపడకండి. మర్యాదగా రెండోసారి కూడా చెప్పండి!