ఇల్లు, గుండె: ఒకే ఏడాదిలో రెండు ప్రాజెక్టులు

ఈ ఎపిసోడ్‌లో రెండు పనుల గురించి మాట్లాడుకుందాం. ఒకటి పాత ఇంటిని బాగు చేసుకోవడం, రెండోది గుండెను కాపాడుకోవడం. "ఈ రెండింటికీ ఏం సంబంధమప్పా?" అని మీరు అడగొచ్చు. పోయిన ఏడాది దాకా నేనూ అట్లే అనుకున్నా. ఇంటి పని మొదలుపెట్టాలనుకున్న నెలలోనే నాకు బీపీ ఉందని తేలింది. రెండూ ఒకేసారి నెత్తిన పడినాయి. అప్పుడు తెలిసొచ్చింది, మనం ఉండే ఇల్లు మన గుండె మీద ఎంత పని పెడుతుందో.

అసలు విషయం 2003 నాటిది. మాది జమ్మలమడుగు వైపు పల్లె. మా నాయన మిద్దె మీద గదిలో పడుకునేవాడు. ఒక రాత్రి గుండెలో నొప్పి అన్నాడు, ఒళ్లంతా చెమటలు. పైకి పోవడానికి ఉన్నది గోడకు పొదిగిన రాతి మెట్లు, ఒక మనిషికే చాలీచాలని వెడల్పు. మంచం దింపడానికి వీల్లేదు. నలుగురం కలిసి దుప్పటిలో మోసి కిందికి తెచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటికి 108 లేదు, అది 2005లో మొదలైంది. జీపు దొరికేసరికి ఇంకో గంట. ఆస్పత్రి గడప తొక్కకముందే నాయన పోయినాడు. ఆయనకు 58 ఏళ్లు. నాకిప్పుడు 52. ఇంటి పని అనుకోగానే నా కళ్లకు మొదట కనిపించింది ఆ మెట్లే.

ముందు కొలవాలి

ఏ పనైనా కొలతతోనే మొదలవుతుంది. బేల్దారి మేస్త్రి వచ్చినప్పుడు మొదట గోడ కొట్టలేదు. టేపు తీసినాడు, దూలాల కొనలు సుత్తితో తట్టి చూసినాడు. మన ఒంటికీ అదే పద్ధతి.

బీపీ మిషన్ ఇంట్లో ఉంటే సరిపోదు, చూసే తీరు తెలియాలి. చూసే ముందు అరగంట టీ, కాఫీ, బీడీ, సిగరెట్ వద్దు. మూత్రానికి పోయి రావాలి. కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాసుకోవాలి. ఇట్లా పొద్దున, సాయంత్రం వారం రోజులు. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయాలి. ఇంట్లో చూసిన సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే బీపీ ఎక్కువున్నట్టే. ఆ కాగితం తీసుకుని డాక్టర్ దగ్గరికి పోండి. నా సగటు 152/96 వచ్చింది. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఏమీ లేదు. బీపీతో చిక్కే అది, చప్పుడు చేయదు.

మిద్దె మీద బరువు

మన కర్నూలు, కడప పల్లెల్లో పాత మట్టి మిద్దెలు చూసే ఉంటారు. దూలాలు, వాటి మీద దంతెలు, వాటి మీద బండలో కట్టెలో పరిచి పైన మన్ను. అన్నిటికంటే పైన చౌడు మన్ను. చౌడులో సోడియం ఎక్కువ. వాన పడితే ఆ మన్ను మెత్తబడి ఉబ్బి, సన్న రంధ్రాలన్నీ పూడ్చేస్తుంది, అందుకే నీళ్లు కిందికి దిగవు. మా జేజి వానాకాలానికి ముందు ప్రతి ఏడూ చౌడు తోలించేది.

అయితే పాత మన్ను తీయకుండా ఏటా కొత్తది వేస్తూ పోతే ఏమవుతుంది? లెక్క చూడండి. తడిసిన మన్ను ఒక ఘనపుటడుగు సుమారు 50 కిలోలు. 15 అడుగులు, 10 అడుగుల గది మీద ఒక అడుగు మందం ఉంటే 150 ఘనపుటడుగులు, అంటే ఏడున్నర టన్నులు. పైన బరువు పెరుగుతుంటుంది, గోడలో దాగిన దూలం కొనను చెదలు తింటుంటాయి. కింద పడుకున్నోళ్లకు ఏమీ తెలియదు. జడివాన పట్టిన ఏ రాత్రో మిద్దె కూలుతుంది. ప్రతి ఏడూ మన సీమలో ఇట్లాంటి వార్త ఒకటి వింటూనే ఉన్నాం. మేస్త్రి ఈ మాట చెప్పినప్పుడు నాకు నా బీపీ కాగితం గుర్తుకొచ్చింది.

మేము అదనపు మన్ను తీయించినాం. పుచ్చిన రెండు దూలాలు మార్చినాం. మందపు గోడలు మాత్రం కొట్టలేదు. ఎందుకంటే ఆ గోడలు పగటి వేడిని లోపలికి రానీయకుండా గంటల తరబడి ఆపుతాయి. పాతది కదా అని మొత్తం పడగొట్టి పలచటి గోడ, పైన కాంక్రీటు స్లాబ్ వేసుకుంటే, పగలంతా కాగిన స్లాబ్ రాత్రంతా మన మీద వేడి కుమ్మరిస్తుంది.

ఎండ, గుండె

మే నెలలో మన దగ్గర 43, 44 డిగ్రీలు మామూలే. వేడిని బయటికి పంపడానికి ఒళ్లు చర్మం వైపు రక్తం ఎక్కువగా తోలుతుంది. దానికి గుండె ఎక్కువ కొట్టుకోవాలి. చెమటతో నీళ్లు, ఉప్పు పోతాయి. రాత్రి కూడా గది చల్లబడకపోతే గుండెకు విశ్రాంతి ఉండదు. బీపీకి నీటి మాత్రలు వాడేవాళ్లు ఎండాకాలానికి ముందే డాక్టర్‌ను కలిసి మోతాదు అడగాలి. సొంతంగా మానకూడదు, సొంతంగా తగ్గించకూడదు. గుండె బలహీనమై నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు కూడా ఎన్ని నీళ్లు తాగాలో అడిగే తెలుసుకోవాలి.

ఇంటికి చౌకైన మందు తెల్ల సున్నం. వంటింటి మీదున్న స్లాబ్‌ను శుభ్రంగా కడిగి, సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు పూసినాం. తెల్లటి పైకప్పు ఎండను వెనక్కి తోలేస్తుంది, లోపల కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఏకంగా కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మనం పాలసీ కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు, ఒక ఆదివారం చాలు.

మన బండలు, మన బాత్రూం

కడప బండ, బేతంచెర్ల బండ అంటే దేశమంతా తెలుసు. రెండూ సున్నపురాయి జాతివే. గట్టివి, చల్లగా ఉంటాయి, మనకు దగ్గర్లో దొరుకుతాయి. కానీ బాత్రూంలో పాలిష్ బండ వేయొద్దు. తడిస్తే జారుతుంది. స్టెంట్ వేసుకున్నవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు చాలామంది రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడుతుంటారు. వాళ్లు జారిపడి తలకు దెబ్బ తగిలితే రక్తం తొందరగా ఆగదు. అందుకే గరుకు బండ వేయించండి. ఇంకోమాట, సున్నపురాయి మీద యాసిడ్ పోసి కడిగితే రాయి తినేసి మచ్చలు పడతాయి. సబ్బు నీళ్లు చాలు.

మా బాత్రూం పెరట్లో, ఇరవై అడుగుల దూరంలో ఉండేది. అమ్మ రాత్రిపూట చీకట్లో పోవాల్సి వచ్చేది. దాన్ని ఇంట్లోకి తెచ్చినాం. కూర్చునే కమోడ్, గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టినాం. "ఈ కడ్డీ ఎందుకురా, నేనేమన్నా ముసలిదాన్నా?" అనింది అమ్మ. ఆమెకు 76. ఇప్పుడు ఆ కడ్డీ పట్టుకోకుండా లేవదు.

పడక గది కిందికి దించినాం. తలుపు మూడు అడుగుల వెడల్పు చేయించి, ఎత్తు గడప తీసేసినాం. గడప తీస్తే ఎట్లా అని పెద్దోళ్లు కొంచెం గొణిగినారు. సన్నటి గడప పెట్టి పసుపు రాసినాం, గొడవ తీరింది. స్ట్రెచర్ తిరగాలంటే ఆ వెడల్పు కావాలి. నేను మేస్త్రికి చెప్పింది ఆ ఒక్క మాటే.

వంటింట్లో

మన తిండి చెడ్డదేం కాదు. జొన్నరొట్టె, రాగి సంగటి, పప్పు, ఆకుకూర మంచివే. చిక్కు పక్కన పెట్టుకునేదాంతోనే. ఊరగాయ, అప్పడం, ఊరుమిరపకాయ, మిక్చర్. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు అంటే ఒక చిన్న చెంచా. కూరలో వేసింది, ఊరగాయలో ఉన్నది, అన్నీ కలిపి. మా ఇంట్లో నలుగురికి నెలకు కిలో ప్యాకెట్లు రెండు అయిపోయేవి. ఊరగాయకు వాడింది తీసేసినా లెక్క ఎక్కువే. ఇప్పుడు నెలకు ఒక్క ప్యాకెట్ కూడా పూర్తి కాదు. మొదటి రెండు వారాలు అన్నం సప్పగా ఉండింది, తర్వాత నాలుక అలవాటు పడింది.

కట్టెల పొయ్యి ఇంకా వాడుతుంటే పొగ బయటికి పోయే దారి చేయండి. ఆ పొగ ఊపిరితిత్తులతో ఆగదు, గుండెనూ చెడగొడుతుంది.

నేను చేసిన తప్పు

ఇది చెప్పకపోతే ఈ ఎపిసోడ్‌కు అర్థం లేదు. పని ముమ్మరంగా ఉన్నప్పుడు మూడు వారాలు బీపీ మాత్ర వేసుకోలేదు. ఒంట్లో బాగానే ఉంది, రాళ్లు, ఇసుక, కూలీల లెక్కలతో మర్చిపోయినా. పైగా రెండు కూలీలు మిగులుతాయని 50 కిలోల సిమెంటు మూట నేనే ఎత్తినా. ఊపిరి బిగబట్టి బరువెత్తితే ఆ క్షణంలో బీపీ అమాంతం పెరుగుతుంది. మధ్యాహ్నం మిద్దె మీద కళ్లు బైర్లు కమ్మినాయి. కిందికి దించి చూస్తే 178/104. డాక్టర్ దగ్గరికి పోతే ఒకటే ప్రశ్న అడిగినాడు: "స్లాబ్ వేసినాక నీళ్లు కొట్టడం మూడో రోజు ఆపేస్తావా?"

ఆపను. సిమెంటు పనికి కనీసం ఏడు రోజులు, మన ఎండలకు పది పద్నాలుగు రోజులు తడి ఆరనీయకూడదు. పైకి గట్టిపడినట్టే కనిపిస్తుంది, లోపల ఇంకా బలం పట్టుకోవాలి. నీళ్లు ఆపిన రోజు ఏమీ కాదు. బీట ఎప్పుడో తర్వాత కనిపిస్తుంది. మాత్ర కూడా అంతే. ఆ రోజు నుంచి స్లాబ్‌కు నీళ్లు పట్టే టైమే నా మాత్ర టైము. ఇప్పుడు స్లాబ్ పని అయిపోయింది, టైము మాత్రం మారలేదు.

వారానికి 150 నిమిషాల నడక అంటారు, అంటే రోజుకు అరగంట, ఐదు రోజులు. ఎండాకాలం పొద్దున ఆరింటికే ముగించండి. ఇంటి పనిలో తిరిగినాం కదా, అదే నడక అనుకోవద్దు. నేను అట్లే అనుకుని మోసపోయినా.

చివరగా ఒక మాట

రొమ్ము మధ్యలో బరువు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లటి చెమటలు, ఆయాసం వస్తే గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఒక్కోసారి రొమ్ములో నొప్పి ఉండదు, ఆయాసమో పైపొట్ట నొప్పో మాత్రమే ఉంటుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. మోటార్ సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని పోవద్దు. గుండె వైద్యానికి తిరుపతి పోవాల్సి వస్తే కడప నుంచి సుమారు 140 కిలోమీటర్లు. ఇంట్లో పోగొట్టుకునే ప్రతి నిమిషం ఆ దూరానికి కలుస్తుంది.

డబ్బు తక్కువ ఉంటే వరుస ఇది: మొదట రాత్రి బల్బు, కడ్డీ, సున్నం పూత. తర్వాత బాత్రూం నేల. టైల్స్, ఫాల్స్ సీలింగ్, రంగులు ఆఖరున. పెళ్లిచూపులకు కనిపించేవి ముందు, ప్రాణం కాపాడేవి తర్వాత చేయడం మనకు అలవాటు. దాన్ని తిరగేయండి.

పోయిన వారం నా సగటు 128/82. ఆ రాతి మెట్లు గోడకు అట్లే ఉంచినాం, తీయబుద్ధి కాలేదు. వాటి మీద ఇప్పుడు అమ్మ తులసి, కనకాంబరాల కుండీలు పెట్టింది.

వచ్చే ఎపిసోడ్‌లో పాత దూలాలకు చెదలు పట్టకుండా ఏం చేయాలో చూద్దాం. అంతవరకూ ఈ రోజే ఇంట్లో పెద్దోళ్లకు ఒకసారి బీపీ చూడండి. ఉంటాను, నమస్కారం.