గీత పడిన బిళ్లకు లక్ష రాదు
టంకశాల తప్పు వేరు.. వాడకంలో తగిలిన దెబ్బ వేరు

బరంపురం: కూరగాయలమ్మే ఓ మామ్మ కొంగు ముడి విప్పి అయిదు రూపాయల బిళ్ల చూపించింది. ఒకవైపు సాగిపోయింది. బొమ్మ సగం చెరిగింది. ‘దీనికి లక్ష ఇస్తారట బాబూ, మా మనవడి ఫోన్లో చెప్పారు’ అంది. అమ్మిపెడతానన్నవాడు ముందుగా రెండు వేలు పంపమన్నాడట. నయం, ఇంకా పంపలేదు. ఆ బిళ్ల ఏ లారీ చక్రం కిందో నలిగినట్టుంది. దాని ఖరీదు అయిదు రూపాయలే, అదీ కొట్టువాడు తీసుకుంటే.

ఇలాంటి మోసాలపై రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తమకు సంబంధం లేదని, తమ పేరిట చార్జీలు, కమీషన్లు వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని స్పష్టం చేసింది.

అలాగని తప్పుగా పడిన నాణేలు లేవని కాదు. ఉన్నాయి. సేకరించేవాళ్లు వాటిని మంచి ధరకే కొంటారు. మన చేతిలోది అలాంటిదో కాదో తేల్చుకోవడమే అసలు పని.

టంకశాలలో, అదే మింట్‌లో, లోహపు రేకు నుంచి బిళ్లలు కత్తిరిస్తారు. రెండు అచ్చుల మధ్య పెట్టి దెబ్బ కొడతారు. ఆ దెబ్బ పూర్తయ్యేలోపు జరిగితే అది టంకశాల తప్పు. ఆ తర్వాత జరిగిందంతా గాయమే.

గీత కనిపిస్తే గోరుతో తడిమి చూడండి. అచ్చు పగిలితే లోహం ఆ పగుల్లోకి ఎక్కుతుంది కాబట్టి నాణెం మీద గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. రాయికో మేకుకో గీసుకుపోతే లోపలికి దిగుతుంది. సగం అనుమానాలు ఇక్కడే తీరిపోతాయి.

అంచు నెలవంకలా కొరికినట్టుంటే దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచును చూడాలి. కత్తిరింపులోనే తప్పు జరిగితే అక్కడ కూడా అంచు గట్టు పలచబడుతుంది. బయట ఆకురాయితో అరగదీస్తే ఎదురు గట్టు దిట్టంగా ఉండిపోతుంది, రాపిడి గీతలూ దొరుకుతాయి.

ఎక్కువ మోసం ‘లఖీ’ నాణేల్లో. ముందు కొట్టిన నాణెం అచ్చుకే అంటుకుపోతే, తర్వాతి బిళ్లకు ఒకవైపు మామూలు బొమ్మ, రెండోవైపు అదే బొమ్మ అద్దంలోలా తిరగబడి లోతుగా పడుతుంది. కొందరు రెండు నాణేలను వైస్‌లో బిగించి నొక్కి దీన్నే తయారుచేస్తారు. అయితే కొత్త ముద్ర కింద పాత బొమ్మ ఆనవాళ్లు మిగిలిపోతాయి. రెండోవైపు చదునైపోతుంది కూడా. భూతద్దం ఉంటే పట్టేయొచ్చు.

మరో పరీక్ష. బొమ్మ నిటారుగా ఉండేలా పైనా కిందా పట్టుకుని నాణేన్ని పక్కకు తిప్పండి. బొరుసు కూడా నిటారుగానే కనిపించాలి. వాలినా, తలకిందులైనా ఆ బిళ్ల దాచుకోదగ్గదే. వాడకంలో దెబ్బలు తగిలి ఇలా జరగదు.

బరువు అనుమానమైతే కంసాలి కొట్టు ఉండనే ఉంది. 1992 నుంచి వచ్చిన పాత కుప్రోనికెల్ అయిదు రూపాయల బిళ్ల 9 గ్రాములు. బాగా తగ్గి, అక్షరాలన్నీ ఒకేలా కరిగినట్టుంటే ఆసిడ్‌లో ముంచారన్నమాట. తర్వాత వచ్చిన పసుపురంగు అయిదు రూపాయలు 6 గ్రాములే. అది తప్పు కాదు, రకమే మారింది.

ఏడాది అంకె కింద గుర్తు లేదని ఎగిరి గంతేయొద్దు. హైదరాబాద్‌ది నక్షత్రం, నోయిడాది చుక్క, ముంబయిది వజ్రం. కోల్‌కతా నాణేలకు అసలు గుర్తే ఉండదు.

ఇన్ని పరీక్షలూ నెగ్గిన బిళ్ల దొరికితే మాత్రం చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది, ధర పోతుంది. ఉన్నది ఉన్నట్టు కాగితంలో చుట్టి, నాణేలు తెలిసిన ఇద్దరు ముగ్గురికి చూపించండి. ముందు డబ్బు అడిగినవాడికి మాత్రం ఫొటో కూడా పంపొద్దు.