‘గంజాయి బ్యాచ్’: చట్టంలో భేదం, వాడుకలో అభేదం

1. ప్రవేశిక

మన్యం నుంచి తరలే గంజాయికి విజయవాడ ఒక ప్రధాన రవాణాకేంద్రం. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి, హౌరా–చెన్నై రైలుమార్గం ఈ నగరం మీదుగానే సాగుతాయి. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో సుమారు 3,000 కిలోల హెరాయిన్ పట్టుబడినపుడు, దిగుమతి సంస్థ చిరునామా విజయవాడదే కావడంతో నగరం పేరు దేశమంతటా వినిపించింది. కోస్తా వాడుకలో ‘గంజాయి బ్యాచ్’ అనే పదబంధం స్థిరపడింది. అమ్మేవారిని, మోసేవారిని, సేవించేవారిని అది ఒకే గాటన కడుతుంది. చట్టం అలా కట్టలేదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. డచ్చి విధానం

1605లో మచిలీపట్నం చేరిన డచ్చివారు కృష్ణా డెల్టాకు కొత్తవారు కారు. వారి దేశంలో 1919 నాటి ఓపియం చట్టాన్ని 1976లో సవరించి, మాదకద్రవ్యాలను రెండు జాబితాలుగా విభజించారు. హెరాయిన్, కొకైన్ వంటివి మొదటిదానిలో, గంజాయి రెండవదానిలో చేరాయి. గంజాయి అక్కడ చట్టబద్ధం కాదు. అయితే 5 గ్రాముల వరకు ఉన్నవారిపై సాధారణంగా అభియోగం మోపరు. కాఫీషాపులు 18 ఏళ్లలోపువారికి అమ్మరాదు, ప్రకటనలు ఇవ్వరాదు, 500 గ్రాములకు మించి నిల్వ ఉంచరాదు. మన ‘చూసీ చూడనట్లు పోవడం’ దీనికి సమానార్థకం కాదు. ఇక్కడి సహనానికి లిఖిత నియమాలున్నాయి. లోపమూ ఉంది: ముందువాకిట అమ్మకాన్ని సహించి, పెరటివాకిట సరఫరాను నేరంగానే ఉంచారు. దీనికి పరిష్కారంగా పది పురపాలికలలో అనుమతి పొందిన సాగుదారుల సరకును అమ్మించే ప్రయోగం సాగుతున్నది.

3. భారతీయ చట్టం

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే పూత లేదా కాయ గల కొనలు; కొనలు లేని ఆకులు, గింజలు నిర్వచనంలోకి రావు. కిలోలోపు స్వల్ప పరిమాణం: శిక్ష ఏడాది వరకు. 20 కిలోలు మించితే వాణిజ్య పరిమాణం: 10 నుంచి 20 ఏళ్లు. గంజాయి సేవనానికి 27వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వ్యసనపరులు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వస్తే, సేవనం, స్వల్ప పరిమాణ నేరాలకు 64ఎ సెక్షన్ అభియోగం నుంచి మినహాయింపునిస్తుంది. చికిత్స పూర్తిచేయకుంటే అది రద్దు కావచ్చు.

4. ముగింపు

రాష్ట్రం 2024 నవంబరులో ‘ఈగల్’ విభాగాన్ని ఏర్పరచి, 1972 సంఖ్యను ప్రజలకు అందుబాటులో ఉంచింది. కానీ కొడుకు పేరు ‘బ్యాచ్’లో చేరుతుందని భయపడే తల్లి ఆసుపత్రి గడప తొక్కదు, 64ఎ కాగితానికే పరిమితమవుతుంది. విక్రేత, రవాణాదారు, వ్యసనబాధితుడు అనే మూడు మాటలను పత్రికలూ పాఠ్యగ్రంథాలూ వేరువేరుగా వాడడం అవసరం. చట్టం పాటించిన విచక్షణను భాష కూడా పాటించినపుడే ఆ తల్లికి దారి కనిపిస్తుంది.