ఆరో ఫోన్‌తోనే తంటా

ఉర్లా పారిశ్రామిక వాడను ఆనుకుని ఉన్న రాయ్‌పూర్ శివారు పట్టణం బీర్‌గావ్. తండ్రి నైట్ షిఫ్టులో, కొడుకు బస్సులో, కూతురు ఇంట్లో ఉన్న కుటుంబానికి అక్కడ ఒకే స్పాటిఫై చందా ఉందనుకోండి. ఒకరు పాట పెట్టగానే ఇంకొకరి చెవిలో ఆగిపోతుంది. 2019 ఫిబ్రవరిలో భారత్‌కు వచ్చిన ఈ సంస్థ దృష్టిలో ఒక ఖాతా అంటే ఒకే శ్రోత.

పాటలు ముందే దింపుకుని నెట్ ఆపేసి వింటే ఈ గొడవ ఉండదు. కానీ డౌన్‌లోడ్ సదుపాయమున్న ప్లాన్‌కూ హద్దుంది: ఐదు పరికరాలు, ఒక్కోదానిలో 10,000 పాటలు. ఆరో ఫోన్‌లో దింపారా, ఎక్కువ కాలంగా వాడని పరికరంలోని పాటలు ఖాళీ. 30 రోజులకోసారైనా నెట్‌కు కలపకపోయినా అదే గతి. (క్యాసెట్ కొన్నవారిని ఎన్ని టేప్ రికార్డర్లలో వేశారని ఎవరూ అడగలేదు.) ఇక్కడ డబ్బు కట్టేది పాటకు కాదు, వినే అనుమతికి.

అసలు చిక్కు సెకండ్‌హ్యాండ్ ఫోన్లతో. ఖాతా తీసేయకుండా అమ్మితే, కొన్నవారు పాట పెట్టినప్పుడల్లా మీది ఆగుతుంది. అప్పుడు వెబ్‌సైట్‌లోని ఖాతా పేజీకి వెళ్లి అన్ని పరికరాల నుంచీ ఒకేసారి సైనవుట్ కావాలి, పాస్‌వర్డ్ కూడా మార్చాలి. కొత్త పాస్‌వర్డ్ ఇంట్లో ఎందరికి చెప్పాలన్నది మళ్లీ మొదటి పంచాయితీ.