తల్లిలేని గొర్రె పిల్లలకు మేతబీడులో నట్టల నుంచి రక్షణ

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వర్షాలతో బీడు భూములు, చెరువు గట్లు పచ్చబడతాయి. ఈ తేమ, వెచ్చదనం నట్టల లార్వాల వృద్ధికి కూడా అనుకూలం. పుట్టగానే తల్లిని కోల్పోయిన పిల్లలు, తల్లి దగ్గరకు రానివ్వని పిల్లలు ఈ కాలంలో ఎక్కువ ప్రమాదానికి గురవుతాయి.

ప్రమాదానికి కారణాలు

నాలుగవ పొట్టలో నివసించే హీమాంకస్ కంటార్టస్ అనే నట్ట రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం పీలుస్తుంది. 5 కిలోల పిల్లలో సుమారు 400 మి.లీ. రక్తం ఉంటుంది. 500 నట్టలు చేరితే రోజుకు 25 మి.లీ., అనగా మొత్తం రక్తంలో పదహారవ వంతు నష్టమవుతుంది. ఒక్కొక్క ఆడ నట్ట రోజుకు 5,000కు పైగా గుడ్లు పెట్టగలదు. అనుకూల వాతావరణంలో అవి వారం రోజుల్లోనే సోకగల లార్వాలుగా మారుతాయి.

ఈ నట్ట పాల ద్వారా సంక్రమించదు, గడ్డితోనే లోపలికి చేరుతుంది. పాలు చాలని పిల్ల ఆకలితో ముందుగానే గడ్డి కొరకడం మొదలుపెడుతుంది. మంద మేతకు వెళ్ళినప్పుడు ఇటువంటి పిల్లలను దొడ్డి చుట్టూ విడుస్తారు. అక్కడి పచ్చికపై ఈనిన గొర్రెల పేడ ఎక్కువగా పడుతుంది. ఈత సమయంలో తల్లి గొర్రెల పేడలో నట్టల గుడ్లు పెరుగుతాయి కనుక, ఇంటికి దగ్గరగా ఉన్న ఆ పచ్చికే ఎక్కువ కలుషితమై ఉంటుంది.

యాజమాన్యం

పుట్టిన రెండు గంటల్లో కిలో బరువుకు 50 మి.లీ. చొప్పున, మొదటి రోజు మొత్తం 200 మి.లీ. చొప్పున జున్నుపాలు తాపాలి. 3 కిలోల పిల్లకు ఇది 600 మి.లీ. అవుతుంది. తరువాత గోరువెచ్చని పాలను రోజుకు నాలుగైదు విడతలుగా ఇవ్వాలి. రెండవ వారం నుంచి పిల్లల దాణా, అవిసె వంటి ఆకు మేతను నేలకు తాకకుండా కట్టి వేలాడదీయాలి.

దాణాకు బాగా అలవాటు పడే వరకు పిల్లలను పొడి నేలపై గాని, చెక్క పలకల మంచెపై గాని ఉంచాలి. బీడుకు పంపేటప్పుడు మంచు ఆరిన తరువాతనే పంపాలి. లార్వాలు గడ్డి మొదలు నుంచి కొన్ని సెంటీమీటర్లలోనే ఎక్కువగా ఉంటాయి కనుక, పొట్టి గడ్డిపై మేపరాదు. నీరు నిలిచే చెరువు గర్భంలో నత్తల వల్ల కాలేయ జలగలు సోకుతాయి. అక్కడ మేపరాదు.

మందు వాడకం

ప్రతి నెలా అన్ని పిల్లలకూ ఒకే మందు తాపితే నట్టలు దానికి లొంగకుండా పోతాయి. సోకిన సుమారు మూడు వారాలకు పేడలో గుడ్లు కనిపిస్తాయి. కనుక మేత మొదలైన నెలకు పేడ పరీక్ష చేయించాలి. కంటి లోపలి పొర పాలిపోయినా, దవడ కింద నీరు చేరినా వెంటనే పశువైద్యునికి చూపాలి. పేడ ఆధారంగా ఫెన్‌బెండజోల్ ఎంపిక చేస్తే కిలో బరువుకు 5 మి.గ్రా. మోతాదు ప్రకారం 6 కిలోల పిల్లకు 30 మి.గ్రా. అవసరం. అంచనాతో కాక తూకం వేసి తాపాలి. 10 నుంచి 14 రోజుల తరువాత మరల పరీక్షిస్తే మందు పనిచేసినదీ లేనిదీ తెలుస్తుంది.

1955లో ఏర్పడిన తిరుపతి పశువైద్య కళాశాల విద్యార్థులు గ్రామాల్లో ఈ రెండు పరీక్షలను కాపరులకు చూపగలిగితే, మందు ఖర్చు తగ్గి, తల్లిలేని పిల్ల కూడా మందలో నిలదొక్కుకుంటుంది.